ప్రకటనల పోరు: 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్, పట్టాభి పక్షాల వాదసరళి

వ్యాససంగ్రహం

1939 జనవరి 29న జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్, భోగరాజు పట్టాభి సీతారామయ్య పోటీపడ్డారు. పోలింగుకు ముందు వారం రోజులు ఇరుపక్షాలూ పత్రికల ద్వారా బహిరంగ ప్రకటనలతో వాదించుకున్నాయి. ఒకే రాజకీయపక్షంలోని అభ్యర్థులు అధ్యక్ష పదవి కోసం విధానపరమైన చర్చకు దిగిన సందర్భంగా ఈ ఘటన విశిష్టమైనది. ఆ సంవాదంలో ఉభయ పక్షాలు అనుసరించిన వ్యూహాలను పరిశీలించడం, అభ్యర్థిగా పట్టాభి స్థానాన్ని పునర్మూల్యాంకనం చేయడం ఈ వ్యాస లక్ష్యాలు. ఇరుపక్షాలు ఒకే ప్రశ్నకు సమాధానం చెప్పలేదని, ఎన్నికకు రాజకీయ ప్రాధాన్యం లేదన్న వాదమే పట్టాభికి ఉన్న బలమైన యోగ్యతను చర్చలోకి రానీయలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పట్టాభి సీతారామయ్య, సుభాష్ చంద్రబోస్, త్రిపురి కాంగ్రెస్, సమాఖ్య పథకం, దేశీయ సంస్థానాలు, వాదసరళి, గుండుగొలను.

1. ఉపోద్ఘాతం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు సాగే రహదారిపై దెందులూరు దాటిన తరువాత, భీమడోలుకు ముందు వచ్చే గ్రామం గుండుగొలను. 1880 నవంబరు 24న భోగరాజు పట్టాభి సీతారామయ్య జన్మించిన ఊరు అదే. జిల్లాల ఎల్లలు పలుమార్లు మారాయి. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడింది. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడింది. ఎల్లలు ఎన్ని మారినా దెందులూరు, గుండుగొలను, కొల్లేటి పరిసర గ్రామాలు ఏలూరు చుట్టూ అల్లుకున్న ఒకే సీమగా కొనసాగుతున్నాయి.

పట్టాభి వైద్యుడు, పాత్రికేయుడు, బ్యాంకు స్థాపకుడు, కాంగ్రెస్ చరిత్రకారుడు. అయినప్పటికీ అఖిల భారత చరిత్ర రచనలో ఆయన పేరు ఎక్కువగా ఒక్క సందర్భంలోనే కనిపిస్తుంది. 1939లో సుభాష్ చేతిలో ఆయన ఓడిపోయారు. ఆ ఓటమి పట్టాభిది కన్నా తనదేనని గాంధీజీ ప్రకటించారు. గాంధీజీ ఆ మాట అన్న క్షణం నుంచి ఆ ఎన్నిక సుభాష్‌కూ గాంధీజీకీ మధ్య జరిగిన పోటీగా స్థిరపడిపోయింది. బ్యాలట్‌పై పేరున్న అభ్యర్థి కథనం నుంచి తప్పుకున్నాడు.

ఈ విస్మరణ ఎన్నిక ఫలితం వెలువడిన తరువాత మొదలైనది కాదు. ఎన్నికకు ముందు సాగిన సంవాదంలోనే దాని బీజాలు ఉన్నాయి. కనుక ఫలితం నుంచి వెనక్కి కాక, వాదం నుంచి ముందుకు ఈ ఘటనను చదవవలసి ఉంది.

2. అభ్యర్థుల నేపథ్యం

పట్టాభి ఏలూరు మిషన్ పాఠశాలలోను, మచిలీపట్నం నోబుల్ కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివారు. వైద్యవిద్య పూర్తిచేసి మచిలీపట్నంలో వృత్తి ప్రారంభించారు. తరువాత దానిని విడిచి పూర్తికాలం ప్రజాజీవితంలోకి వచ్చారు. ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి పనిచేశారు. 1919లో ‘జన్మభూమి’ అనే ఆంగ్ల వారపత్రికను ప్రారంభించారు. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. కాంగ్రెస్ స్వర్ణోత్సవాల సందర్భంగా 1935లో వెలువడిన కాంగ్రెస్ చరిత్ర ఆయన రచన. దాని రెండవ సంపుటం 1947లో వచ్చింది. 1939 నాటికి ఆయన వయస్సు 58 సంవత్సరాలు. కాంగ్రెస్ కార్యవర్గంలో సీనియర్ సభ్యుడు. భాషాప్రాతిపదికపై రాష్ట్రాల ఏర్పాటుకు గట్టి సమర్థకుడు.

సుభాష్ 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. ఆయన జన్మదినం జనవరి 23. ఎన్నికల సంవాదం సాగుతున్న రోజుల్లోనే ఆయనకు 42 ఏళ్లు నిండాయి. పట్టాభితో పోలిస్తే ఆయన పదహారేళ్లు చిన్నవాడు. కాంగ్రెస్‌లోని వామపక్ష వర్గాలకు ఆయన ఆశాకేంద్రం. మరో ఏడాది అధ్యక్షుడిగా కొనసాగాలన్న తన కోరికను ఆయన దాచుకోలేదు.

త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మొదట మూడు పేర్లు వినిపించాయి: సుభాష్, మౌలానా అబుల్ కలాం ఆజాద్, పట్టాభి. ఆజాద్ పోటీ నుంచి తప్పుకుంటూ పట్టాభిని బలపరిచారు. ఆజాద్ తప్పుకున్నప్పుడు పట్టాభి కూడా విరమించుకోకుండా ఒప్పించినవారు గాంధీజీ. ఈ విషయాన్ని గాంధీజీ తరువాత స్వయంగా వెల్లడించారు. అంటే పట్టాభి అభ్యర్థిత్వం ఆరంభం నుంచే ఇతరుల నిర్ణయాల మధ్య రూపుదిద్దుకుంది. ఆయన వ్యూహరచనకు ఇది మొదటి పరిమితి.

3. ఎన్నిక విధానం, సంవాద మాధ్యమం

1934 నాటి సవరించిన నిబంధనావళి ప్రకారం కాంగ్రెస్ ప్రతినిధులు తమ తమ రాష్ట్రాలలో ఓటువేసి అధ్యక్షుని ఎన్నుకోవాలి. ఎన్నికైన అధ్యక్షుడు తన కార్యవర్గాన్ని తానే ఎంపిక చేసుకుంటాడు. నియమం ఎన్నికను కోరినా ఆచారం ఏకగ్రీవాన్ని కోరింది. ఒకటికి మించి పేర్లు వచ్చినప్పుడు పెద్దల సంప్రదింపులతో మిగిలినవారు విరమించుకొనేవారు. నియమానికీ ఆచారానికీ మధ్య ఉన్న ఈ అంతరమే 1939 సంవాదానికి వేదిక అయింది.

ఈ సంవాదంలో అభ్యర్థులు ముఖాముఖి తలపడలేదు. ఒకరి ప్రకటన ఒక ఊరి నుంచి వెలువడితే, దానికి జవాబు మరొక ఊరి నుంచి వచ్చేది. కార్యవర్గ పెద్దలు గుజరాత్‌లోని బార్డోలీలో ఉన్నారు. నెహ్రూ హిమాలయ ప్రాంతమైన అల్మోరాలో ఉన్నారు. ఓటర్లు దేశమంతటా ఉన్నారు. వారిని కలిపింది దినపత్రిక. పత్రికా ప్రకటనకు ఒక స్వభావం ఉంది. దానిలో ఎదుటివారి మాటకు వెంటనే అడ్డుపడే వీలు లేదు. కాని అచ్చైన మాటను వెనక్కి తీసుకొనే వీలు కూడా లేదు. ఆవేశంలో అన్న మాట సభలో చప్పట్లతో ముగిసిపోవచ్చు. పత్రికలో వచ్చిన ఆరోపణ మాత్రం మరునాటికి సాక్ష్యపత్రంగా మారుతుంది. సుభాష్ ఈ మాధ్యమ బలాన్ని వాడుకున్నారు. చివరకు దాని మూల్యాన్నీ చెల్లించారు.

4. సుభాష్ వ్యూహం: పోటీకి అర్థాన్ని కల్పించడం

జనవరి 21 నాటి తొలి ప్రకటనలో సుభాష్ తన యోగ్యతలను ఏకరువు పెట్టలేదు. అసలు పోటీ ఎందుకుండాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. సామ్రాజ్యవాద వ్యతిరేక పోరాటం తీవ్రమవుతున్నకొద్దీ కొత్త భావాలు, కొత్త సమస్యలు తలెత్తుతున్నాయని, స్వతంత్ర దేశాలలో మాదిరిగా ఇక్కడ కూడా అధ్యక్ష ఎన్నిక నిర్దిష్ట సమస్యలు, కార్యక్రమాల ప్రాతిపదికపై జరగాలన్న అభిప్రాయం బలపడుతున్నదని ఆయన వాదించారు. పోటీ వలన సమస్యలు స్పష్టమవుతాయి కనుక దానిని అవాంఛనీయంగా భావించనక్కరలేదన్నారు.

ఈ ప్రారంభంలో రెండు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, పదవి కోసం పట్టుపడుతున్నాడన్న నిందకు ముందుగానే సమాధానం చెప్పడం. పోటీయే ప్రజాస్వామ్య ధర్మమైతే, విరమించుకోకపోవడం స్వార్థం కాజాలదు. రెండవది, ఎదుటి పక్షాన్ని విధాన క్షేత్రంలోకి లాగడం. ఆ క్షేత్రంలో ఆయనకు సిద్ధంగా ఉన్న అంశం 1935 భారత ప్రభుత్వ చట్టంలోని సమాఖ్య పథకం.

జనవరి 25 నాటి రెండవ ప్రకటనలో ఈ వ్యూహం పదునెక్కింది. కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి సభాధ్యక్షుడితోనో, రాజ్యాంగబద్ధుడైన రాజుతోనో పోల్చడం తగదని, తన మంత్రివర్గాన్ని తానే నియమించుకొనే ప్రధానమంత్రితోను, అమెరికా అధ్యక్షునితోను పోల్చాలని ఆయన వాదించారు. సమాఖ్యను చిత్తశుద్ధితో వ్యతిరేకించే ఆచార్య నరేంద్రదేవ్ వంటి వ్యక్తిని అంగీకరిస్తే తాను తప్పుకుంటానని కూడా ప్రతిపాదించారు. వాదశాస్త్ర దృష్టితో ఇది సమర్థమైన ఎత్తుగడ. దీనివలన చర్చ వ్యక్తి నుంచి విధానానికి మళ్లింది. నిరాకరించినా, అంగీకరించినా ఎదుటివారు విధానమే ముఖ్యమని ఒప్పుకున్నట్లవుతుంది.

అయితే అదే ప్రకటనలో ఆయన మరో అడుగు వేశారు. సమాఖ్య విషయంలో కాంగ్రెస్ కుడిపక్షానికీ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య రాజీ కుదిరే అవకాశం ఉందని పలువురు నమ్ముతున్నారని సూచించారు. ఇక్కడ ప్రతిజ్ఞకు తగిన హేతువు లేదు. పలువురు నమ్మడం, రాజీ ప్రయత్నం జరగడం ఒకటి కావు. కొందరు ఓటర్లను ఈ సూచన కదిలించి ఉండవచ్చు. కాని సహచరుల నిజాయితీని శంకించాడన్న అభియోగానికి అదే ఆధారమైంది. ఎన్నికలో గెలిచిన తరువాత కూడా ఈ ఒక్క అంశమే ఆయనను వెంటాడింది.

5. ప్రతిపక్ష వ్యూహం: పోటీకి అర్థం లేదనడం

జనవరి 24న కార్యవర్గ సభ్యులు ఏడుగురు ఉమ్మడి ప్రకటన చేశారు. వారు వల్లభాయ్ పటేల్, రాజేంద్రప్రసాద్, జైరాందాస్ దౌలత్‌రామ్, జె. బి. కృపలానీ, జమ్నాలాల్ బజాజ్, శంకరరావ్ దేవ్, భూలాభాయ్ దేశాయ్. వారి వాదంలో మూడు అంశాలు ప్రధానమైనవి. అసాధారణ పరిస్థితులలో తప్ప ఒకే వ్యక్తిని మళ్లీ ఎన్నుకోరాదు. విధానాలను నిర్ణయించేది అధ్యక్షుడు కాదు, కాంగ్రెస్ మహాసభ, అఖిల భారత సంఘం, కార్యవర్గం. అధ్యక్ష ఎన్నిక ఏకగ్రీవంగా జరగడం సంస్థ గౌరవానికి తగినది. కనుక సుభాష్ పునరాలోచించి పట్టాభి ఏకగ్రీవ ఎన్నికకు తోడ్పడాలని వారు కోరారు.

ఈ వాదం సుభాష్ ప్రశ్నకు జవాబు కాదు, ఆ ప్రశ్ననే తోసిపుచ్చే ప్రయత్నం. ఏ కార్యక్రమం కావాలని ఒకరు అడిగితే, అధ్యక్ష పదవికీ కార్యక్రమానికీ సంబంధం లేదని మరొకరు బదులిచ్చారు. సమాఖ్య విషయంలో కాంగ్రెస్‌లో అభిప్రాయభేదమే లేదని కూడా ఆ పక్షం వాదించింది. ఏడుగురితో చేతులు కలపని నెహ్రూ సైతం జనవరి 26 నాటి తన ప్రకటనలో, ఈ పోటీలో సమాఖ్య అసలు వివాదాంశం కాదనే అభిప్రాయపడ్డారు.

ప్రతిపక్షం ప్రదర్శించిన తర్కంలో బలం లేకపోలేదు. ఉమ్మడి నాయకత్వంతో నడిచే సంస్థలో ఒక వ్యక్తి ఎన్నికతో విధానం మారిపోతే సంస్థ నిలకడ కోల్పోతుంది. అయితే ఆ తర్కంలో రెండు లోపాలు ఉన్నాయి. 1936లో లక్నో, ఫైజ్‌పూర్ సభలకు నెహ్రూ వరుసగా అధ్యక్షత వహించారు. కనుక మరల ఎన్నుకోరాదన్న నియమం అంత ప్రాచీనమైనదీ కాదు, అంత కఠినమైనదీ కాదు. ఇక రెండవది మరింత మౌలికమైనది. అధ్యక్ష పదవి కేవలం గౌరవప్రదమైనదే అయితే, దానిని ఎవరు అలంకరించినా నష్టం ఉండకూడదు. ఏడుగురు నాయకులు కలిసి ప్రకటన చేయవలసి వచ్చిందంటేనే ఆ పదవికి రాజకీయ ప్రాధాన్యం ఉన్నదని తేలుతుంది. వాదంలోని మాటను వాదించిన తీరే ఖండించింది.

6. చర్చకు రాని యోగ్యత: సంస్థానాల సమస్య, తెలుగు నాయకులు

ఏడుగురి ప్రకటనలో పట్టాభిని సమర్థించిన తీరు గమనార్హం. ఆయన కార్యవర్గంలోని పాతసభ్యులలో ఒకరని, సుదీర్ఘమైన ప్రజాసేవ ఆయనదని, కనుక పదవికి అర్హుడని చెప్పారు. ఇవి సీనియారిటీకీ సేవకూ సంబంధించిన యోగ్యతలు. ఇంతకంటే బలమైన, వివాదాంశానికి నేరుగా సంబంధించిన యోగ్యత ఆయనకు ఉంది.

సుభాష్ లేవనెత్తిన సమాఖ్య పథకానికి మర్మస్థానం దేశీయ సంస్థానాలు. 1935 చట్టం ప్రకారం సమాఖ్య దిగువసభలో 375 స్థానాలకు 125, ఎగువసభలో 260 స్థానాలకు 104 సంస్థానాలకు కేటాయించారు. వాటిని నింపేది ప్రజల ఓటు కాదు, సంస్థానాధీశుల నియామకం. ఎగువసభలో 52 స్థానాలకు తక్కువ కాకుండా హక్కున్న సంస్థానాలు, సంస్థానాల మొత్తం జనాభాలో సగానికి ప్రాతినిధ్యం వహిస్తూ చేరితేనే సమాఖ్య అమలులోకి వస్తుంది. అంటే సమాఖ్యను వ్యతిరేకించడమంటే ప్రధానంగా సంస్థాన ప్రజలకు ప్రాతినిధ్యం లేకపోవడాన్ని వ్యతిరేకించడమే.

ఈ సమస్యపై పనిచేసిన అఖిల భారత దేశీయ సంస్థాన ప్రజా మహాసభ చరిత్రలో తెలుగువారి పాత్ర విశేషమైనది. 1927లో బొంబాయిలో జరిగిన తొలి సమావేశానికి అధ్యక్షత వహించినవారు ఏలూరు న్యాయవాది మోచర్ల రామచంద్రరావు. 1929 సమావేశానికి అధ్యక్షులు విజయనగరానికి చెందిన సి. వై. చింతామణి. 1936లో కరాచీ సమావేశానికి అధ్యక్షత వహించినవారు పట్టాభి. ఆ సంస్థ అధ్యక్ష పీఠాన్ని అధిష్ఠించిన తొలి నాయకులలో ముగ్గురు తెలుగువారు కావడం, వారిలో ఇద్దరు ఏలూరు సీమకు చెందినవారు కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని 1939 జనవరిలో సమాఖ్యపై మాట్లాడే అర్హత ఎవరికున్నదని ఎవరైనా అడిగితే, పట్టాభి పేరును పక్కన పెట్టడానికి వీలు లేదు.

కాల సందర్భం కూడా దీనిని బలపరుస్తుంది. 1939 ఫిబ్రవరిలో లూధియానాలో జరిగిన సంస్థాన ప్రజా మహాసభకు నెహ్రూ అధ్యక్షత వహించారు. మార్చి తొలి వారంలో గాంధీజీ రాజ్‌కోట్ సంస్థానంలో పాలనా సంస్కరణల విషయమై నిరాహారదీక్ష చేశారు. ఎన్నికకు ముందూ తరువాతా దేశంలో సంస్థానాల సమస్యే మండుతున్నది. ఆ సమస్యను ఎరిగిన అభ్యర్థి పోటీలో ఉన్నాడు. సుభాష్ తన ప్రశ్నను ఆ దిశగానే సంధించారు. పట్టాభి పక్షం మాత్రం ఈ ఎన్నికకూ విధానానికీ సంబంధం లేదన్న వాదానికి కట్టుబడింది. ఆ వాదానికి కట్టుబడినంతకాలం తమ అభ్యర్థి విధానపరమైన యోగ్యతను ముందుకు తేవడం తార్కికంగా అసాధ్యం. తెస్తే సుభాష్ ప్రతిపాదనను అంగీకరించినట్లే. ఈ విధంగా పక్షం ఎంచుకున్న వ్యూహమే ఆ అభ్యర్థి నోటికి కళ్లెమైంది.

పట్టాభి స్వయంగా చేసిన ప్రకటన కూడా ఈ పరంపరలో ఉంది. కాని సంవాద గతిని నిర్ణయించినవి సుభాష్ ప్రకటనలు, ఏడుగురి ప్రకటన, పటేల్ సమాధానాలు. వాదించినవారు ఒకరు, అభ్యర్థి వేరొకరు. ఈ అసమానత ఓటర్లకు కనిపించకపోలేదనడానికి ఫలితమే సూచిక.

7. న్యాయశాస్త్ర దృష్టిలో 1939 సంవాదం

గౌతముని న్యాయదర్శనం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. స్వపక్షాన్ని స్థాపించకుండా పరపక్షాన్ని ఖండించడమే పనిగా సాగేది వితండ. ఈ విభజనను 1939 ఘటనకు అన్వయిస్తే, ఏ పక్షమూ పూర్తిగా ఒక కోవలోకి రాదు. సుభాష్ తొలి ప్రకటన వాదలక్షణాలతో ప్రారంభమై, రాజీ అనుమానంతో జల్పంలోకి జారింది. ఏడుగురి ప్రకటన అధ్యక్ష పదవి స్వరూపం గురించి స్వపక్షాన్ని స్థాపించింది కనుక దానిని వితండ అనలేము. అయితే ప్రస్తుత ప్రశ్నను వదలి వేరొక ప్రశ్నకు జవాబు చెప్పింది కనుక, న్యాయశాస్త్రం పేర్కొన్న నిగ్రహస్థానాలలో అర్థాంతరానికి అది సమీపంగా ఉంది.

ఈ దృష్టితో చూస్తే సంవాదం మూడు ప్రశ్నల మీదుగా నడిచిందని స్పష్టమవుతుంది. జనవరి 21న సుభాష్ వేసిన ప్రశ్న: కాంగ్రెస్ కార్యక్రమం ఏమిటి? జనవరి 24న ఏడుగురు దానిని మార్చిన రూపం: అధ్యక్షుని పని ఏమిటి? జనవరి 31న, ఫలితం వెలువడిన తరువాత గాంధీజీ ప్రకటనతో అది తీసుకున్న రూపం: కాంగ్రెస్ ఎవరి నాయకత్వాన్ని విశ్వసిస్తుంది? ప్రతినిధులు ఓటువేసినప్పుడు మూడవ ప్రశ్న వారి ముందు బహిరంగంగా లేదు. కాని చరిత్ర ఆ ఎన్నికను మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబుగానే చదువుతున్నది.

8. అమెరికా ప్రైమరీలతో పోలిక

సుభాష్ కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి అమెరికా అధ్యక్షునితో పోల్చారు కనుక ఆ దేశపు అనుభవాన్ని ఇక్కడ స్పృశించడం సముచితం. అమెరికాలో పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీ ఎన్నికలు 20వ శతాబ్ది ఆరంభం నుంచే ఉన్నా, పోటీదారులు ఒకరితో ఒకరు బహిరంగంగా చర్చించే సంప్రదాయం ఆలస్యంగా వచ్చింది. 1948 మే 17న ఆరెగాన్ రాష్ట్రంలో రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం థామస్ డ్యూయీ, హెరాల్డ్ స్టాసెన్ రేడియోలో తలపడ్డారు. ఆ చర్చకు ఒకే ప్రశ్న: కమ్యూనిస్టు పార్టీని నిషేధించాలా? నిషేధం కూడదని డ్యూయీ వాదించారు. కొద్ది రోజులలో జరిగిన ఆరెగాన్ ప్రైమరీలో ఆయనే గెలిచారు. 1956లో స్టీవెన్‌సన్, కెఫావర్, 1960లో కెనెడీ, హంఫ్రీ ప్రైమరీ దశలో చర్చించుకున్నారు.

డ్యూయీ, స్టాసెన్ చర్చకు తొమ్మిదేళ్ల ముందే కాంగ్రెస్‌లో పక్షాంతర్గత బహిరంగ సంవాదం జరిగింది. రెండింటికీ ప్రధాన భేదం ప్రశ్న విషయంలో ఉంది. ఆరెగాన్‌లో ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందుగా అంగీకరించారు. అందువలన శ్రోత వారి జవాబులను తూచగలిగాడు. 1939లో అటువంటి అంగీకారం లేదు. ప్రశ్నను నిర్ణయించే అధికారం కోసమే పోటీ సాగింది. అభ్యర్థుల వాదపటిమకన్నా, వాదించవలసిన అంశంపై అంగీకారమే చర్చ విలువను నిర్ణయిస్తుందని ఈ పోలిక తెలుపుతుంది.

9. ఫలితం, పర్యవసానం

జనవరి 29న జరిగిన పోలింగులో సుభాష్‌కు 1,580, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 203. పోలైన 2,957 ఓట్లలో ఇది సుమారు 7 శాతం. ఆంధ్ర ప్రతినిధులలో అత్యధికులు పట్టాభి వైపు, వంగ ప్రతినిధులలో అత్యధికులు సుభాష్ వైపు నిలిచారు. కనుక ప్రాంతీయాభిమానం పాత్ర కొట్టివేయదగినది కాదు. అయినా కార్యవర్గ పెద్దల బహిరంగ మద్దతు ఉన్న అభ్యర్థి ఓడిపోవడాన్ని ప్రాంతీయాభిమానంతోనే వివరించలేము. విధానంపై చర్చ కావాలన్న కోరిక కాంగ్రెస్ శ్రేణులలో బలంగా ఉందని దీనివలన తెలుస్తుంది. అదే సమయంలో 1,377 మంది పట్టాభికి ఓటువేశారన్న వాస్తవాన్ని కూడా విస్మరించరాదు. దానిని ఘోరపరాజయంగా వర్ణించడానికి అంకెలు ఒప్పుకోవు.

జనవరి 31న గాంధీజీ ప్రకటన వెలువడింది. పరాజయాన్ని తనదిగా స్వీకరించడంతో పాటు, సహచరులపై సుభాష్ చేసిన వ్యాఖ్యలు న్యాయమైనవి కావని ఆయన విమర్శించారు. ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యులలో అత్యధికులు రాజీనామా చేశారు. మార్చిలో జబల్పూరు సమీపంలోని త్రిపురిలో మహాసభ జరిగింది. గోవింద వల్లభ పంత్ ప్రతిపాదించిన తీర్మానం పాత కార్యవర్గంపై విశ్వాసం ప్రకటించి, కొత్త కార్యవర్గాన్ని గాంధీజీ అభీష్టానుసారం ఏర్పాటు చేయాలని అధ్యక్షుణ్ణి కోరింది. జనవరిలో సుభాష్‌ను బలపరిచిన కాంగ్రెస్ సోషలిస్టులు ఆ తీర్మానంపై తటస్థంగా ఉన్నారు. ఏప్రిల్ 29న కలకత్తాలో సుభాష్ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో రాజేంద్రప్రసాద్ ఎన్నికయ్యారు. మే నెలలో ఫార్వర్డ్ బ్లాక్ పుట్టింది.

మొదటి ప్రశ్నపై సుభాష్ గెలిచారు. మూడవ ప్రశ్నపై ఓడిపోయారు. ఆయనను ఎన్నుకున్న సంస్థే మూడు నెలలలో ఆయనను నిస్సహాయుణ్ణి చేసింది. విధానంపై చర్చ కోరినవాడు సహచరులపై అనుమానాన్ని అందులో కలపడం వలన, ఎదుటి పక్షానికి చర్చను విధానం నుంచి విశ్వాసానికి మళ్లించే అవకాశం దొరికింది. ఇది ఆయన వ్యూహంలోని అసలు వైఫల్యం.

పట్టాభి విషయానికి వస్తే, 1948లో ఆయన మరల అధ్యక్ష పదవికి పోటీచేసి పురుషోత్తమ్ దాస్ టాండన్‌పై గెలిచి, జైపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. భాషాప్రయుక్త రాష్ట్రాల విషయమై నెహ్రూ, పటేల్‌లతో కలిసి ఏర్పడిన జె.వి.పి. కమిటీలో సభ్యుడయ్యారు. తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి 1959 డిసెంబరు 17న మరణించారు. కాంగ్రెస్‌లో రెండుసార్లు అధ్యక్ష పదవికి బహిరంగ పోటీని ఎదుర్కొని, ఒకసారి ఓడి, ఒకసారి గెలిచిన నాయకునికి జ్ఞాపకాలలో ఓటమి మాత్రమే మిగలడం చరిత్ర రచనలోని పక్షపాతానికి నిదర్శనం.

10. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. 1939 సంవాదంలో ఇరుపక్షాలూ ఒకే ప్రశ్నపై వాదించలేదు. ఒక పక్షం కార్యక్రమం గురించి, మరొక పక్షం పదవీ స్వరూపం గురించి మాట్లాడాయి.

2. పోటీకి విధానపరమైన అర్థం కల్పించడం సుభాష్ బలం. ఆధారం చూపలేని అనుమానాన్ని దానికి జోడించడం ఆయన బలహీనత. ఎన్నికను గెలిపించిన వ్యూహంలోనే పదవిని పోగొట్టిన అంశం ఇమిడి ఉంది.

3. పోటీకి అర్థం లేదన్న వాదం పట్టాభి పక్షానికి ఆత్మఘాతుకమైంది. సంస్థాన ప్రజల ఉద్యమానికి అధ్యక్షత వహించిన నాయకుణ్ణి, అదే సమస్య చర్చకు వచ్చిన వేళ, కేవలం సీనియారిటీ ప్రాతిపదికపై నిలబెట్టారు.

4. ఓటమిని గాంధీజీ స్వీకరించడంలో ఔదార్యం ఉంది. కాని ఆ ఔదార్యం వలన అభ్యర్థికి దక్కవలసిన ఓటమి కూడా దక్కలేదు. పట్టాభికి పడిన 1,377 ఓట్లు సైతం మరొకరి ఖాతాలో చేరాయి.

ఏలూరు సీమ నుంచి మోచర్ల రామచంద్రరావు, పట్టాభి సీతారామయ్య ఇద్దరూ సంస్థాన ప్రజల హక్కుల కోసం అఖిల భారత వేదికపై నిలిచారు. 1939 ఎన్నికను ఆ పరంపరలో ఉంచి చదివినప్పుడు, గుండుగొలనులో పుట్టిన అభ్యర్థి తనకంటూ వాదం లేనివాడు కాదని, ఆ వాదాన్ని వినిపించే అవకాశం లేని పోటీలో నిలిచినవాడని అర్థమవుతుంది.